కెరోటినాయిడ్ క్యాప్సూల్స్ రివ్యూ: కంటి కోసం అయితే సరే, ఇన్‌ఫ్లమేషన్ కోసం అయితే వద్దు

ముందే చెప్పేస్తున్నాను, ఈ క్యాప్సూల్స్‌కి నా మార్కులు అయిదుకి రెండు. ఆ రెండు మార్కులూ అందులో ఉన్న లూటీన్ అనే రంగు పదార్థానికే, మిగతా దేనికీ కాదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. ఏ మెడికల్ షాపుకి వెళ్లి అడిగినా మూడు నాలుగు రకాల డబ్బాలు తీసి కౌంటర్ మీద పెడతారు, అన్నిటి మీదా క్యారెట్టు, టమాటా, బంతిపువ్వు బొమ్మలు, అన్నిటి మీదా దాదాపు ఒకటే మాట: కణాల స్థాయిలో ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) తగ్గిస్తుంది. నెలకి రూ.1,200కి అటూ ఇటూ అవుతుంది.

ఇది మా పిన్ని వల్ల మొదలైంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. ఎవరో వాట్సాప్‌లో పంపిన వీడియో చూసి, "ఒరేయ్ నానా, నువ్వు మందుల కంపెనీలోనే కదా ఉన్నావు, ఇది వాడొచ్చా, చూసి చెప్పు" అని డబ్బా ఫోటో పంపింది. నేను పని చేసేది క్వాలిటీ కంట్రోల్‌లో, అంటే ట్యాబ్లెట్లో రాసింది రాసినంత ఉందా లేదా అని చూడటం, అది మోకాలికి పని చేస్తుందా అన్నది నా డ్యూటీ కాదు. కానీ లేబుల్ చదవడం మాత్రం వచ్చు. అందుకని ఒకటి ఆమెకి, ఒకటి నాకు తెప్పించాను. ఆమె వాడింది, నేను కొంత వాడి, కొంత కోసి చూసి, చదవాల్సింది చదివాను.

లేబుల్ దగ్గర మొదలుపెడదాం. వెనక వైపు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 14 అంకెల లైసెన్స్ నంబరు ఉంది, మందుల తయారీ లైసెన్స్ నంబరు లేదు. దాని కింద సూక్ష్మాక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంది. అంటే చట్టం లెక్కలో ఇది మందు కాదు, హెల్త్ సప్లిమెంట్, ఆహారం కోవలోకి వచ్చేది. ముందు వైపు చూస్తే మోకాలి బొమ్మ, వెనక వైపు చూస్తే ఇది మందు కాదు అని రాత! ఇలాంటి డబ్బా ఏది కొన్నా ముందు తిప్పి వెనక చదవండి.

ఒక్కో క్యాప్సూల్‌లో లూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాక్సాంథిన్ 2, బీటా కెరోటిన్ 6, లైకోపీన్ 5, అస్టాక్సాంథిన్ 4. ఇవన్నీ ఒక కుటుంబం, కెరోటినాయిడ్లు. పసుపు, నారింజ, ఎరుపు రంగులిచ్చే పదార్థాలు, కొవ్వులో కరుగుతాయి, నీళ్లలో కరగవు. అందుకే సాఫ్ట్‌జెల్‌లో నూనెతో కలిపి పెడతారు. పైన తొడుగు జెలటిన్, అంటే జంతువుల నుంచి తీసింది, శాకాహారులు కొనేముందు ఆ చిన్న అక్షరాలు కూడా చూసుకోవాలి. ఒకటి కోసి తెల్ల కాగితం మీద పిండితే ముదురు ఎరుపు నూనె వచ్చింది, చేతికి అంటితే సబ్బుకి పోలేదు, కొబ్బరినూనె రాసి తుడిస్తే పోయింది.

ఈ లూటీన్ ఎక్కడిదనుకున్నారు? బంతిపూలది. మనం గుమ్మానికి కట్టే, బతుకమ్మలో పేర్చే అదే బంతి. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు కంపెనీలతో కాంట్రాక్టు రాసుకుని ఎకరాలకు ఎకరాలు వేస్తారు, ఆ పూలను ఎండబెట్టి, రసాయనంతో రంగు తీసి, శుద్ధి చేస్తారు. అదే రంగులో కొంత కోళ్ల దాణాలోకి పోతుంది, గుడ్డు సొన పచ్చగా కనపడేది దానివల్ల కూడా. అస్టాక్సాంథిన్ హెమటోకాకస్ అనే నాచు నుంచి వస్తుంది. రొయ్య ఉడకగానే ఎర్రబడుతుంది చూశారా, ఆ ఎరుపు అస్టాక్సాంథినే, పచ్చిగా ఉన్నప్పుడు ప్రోటీన్‌కి అతుక్కుని కనపడదు, వేడికి ప్రోటీన్ విడిపోతే బయటపడుతుంది. భీమవరం వాళ్లకి ఇది రోజూ కనపడే సంగతే.

ఇక అసలు విషయం. డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది, అందులో కణం బొమ్మ, బాణాలు, గ్రీకు అక్షరాలు. చాలామంది దాన్ని చూసి భయపడి నమ్మేస్తారు, లేదా అంతా బోగస్ అని పారేస్తారు. విచిత్రం ఏమిటంటే ఆ బొమ్మలో ఉన్నది దాదాపు అంతా నిజం.

కణం లోపల ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్ ఉంటుంది. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని మొదట పట్టుకున్నారు. మామూలు రోజుల్లో అది గుంజకి కట్టేసిన ఎద్దు. పలుపు పేరు ఐ కప్పా బి. ఇన్‌ఫెక్షనో, దెబ్బో, సిగరెట్ పొగో తగిలినప్పుడు ఐకేకే అనే ఎంజైము వచ్చి ఆ పలుపుకి ఫాస్ఫేట్ అంటిస్తుంది, కణం దాన్ని చెత్తగా లెక్కేసి ముక్కలు చేసేస్తుంది, కట్టు తెగిన ప్రోటీన్ నేరుగా కేంద్రకంలోకి పోయి డీఎన్‌ఏ మీద కూర్చుని వరసగా జీన్లు ఆన్ చేస్తుంది. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, కాక్స్-2, వాపు రేపే ఈ ప్రోటీన్లన్నీ అలా పుట్టేవే. మనకు కనపడే వాపు, ఎరుపు, వేడి, నొప్పి వీటి పనే. మనం మింగే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కాక్స్ ఎంజైము తయారయ్యాక దాన్ని అడ్డుకుంటాయి. కెరోటినాయిడ్ల గురించి చెప్పేది అంతకంటే పైమెట్టు, అసలు ఆ జీన్లు ఆన్ కాకుండానే కొంత ఆపుతాయని.

ఎలా ఆపుతాయి అంటే రెండు మూడు దారులు. మొదటిది పాతది, అందరూ చెప్పే యాంటీ ఆక్సిడెంట్ కథ. బీటా కెరోటిన్, లైకోపీన్ అణువులు పొడవుగా ఉంటాయి, వరసగా 11 జంట బంధాలు. సింగ్లెట్ ఆక్సిజన్ అనే రెచ్చిపోయిన ఆక్సిజన్ ఈ అణువుకి తగిలితే దాని శక్తిని ఇది తీసుకుని మెల్లగా వేడిగా వదిలేస్తుంది. 1989లో జర్మనీలో హెల్ముట్ సీస్ బృందం కొలిచి చూస్తే ఈ పనిలో లైకోపీన్ అన్నిటికంటే ముందుంది, బీటా కెరోటిన్ దానికంటే వెనకబడింది. ఆక్సిజన్ అల్లరి తగ్గితే ఐకేకేని రెచ్చగొట్టే సంకేతాలు కూడా తగ్గుతాయి. అస్టాక్సాంథిన్, లూటీన్ లాంటివి కణం పొరలో అడ్డంగా ఇమిడిపోయి అక్కడి కొవ్వు చెడిపోకుండా చూస్తాయి.

రెండో దారి నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అని ఇంకో ప్రోటీన్ ఉంది, ఇది రక్షణ పక్షం. కీప్1 అనే ప్రోటీన్ దీన్ని పట్టుకుని ఎప్పటికప్పుడు నాశనానికి పంపిస్తూ ఉంటుంది. కీప్1 మీద గంధకం ఉన్న సిస్టీన్ చోట్లు కొన్ని ఉంటాయి, వాటికి ఏదైనా చురుకైన అణువు అతుక్కుంటే కీప్1 పట్టు సడలుతుంది, ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి పోయి గ్లూటాథియోన్ అనే రక్షక పదార్థాన్ని తయారుచేసే ఎంజైములు, హీమ్ ఆక్సిజినేజ్-1 వంటివి పెంచుతుంది. అతుక్కునే ఆ అణువు ఎవరు? పూర్తి కెరోటినాయిడ్ కాదు. అది ఆక్సిజన్ దెబ్బకి విరిగాక వచ్చే ముక్కలు. ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ యూనివర్సిటీ బృందం లైకోపీన్ మీద ఏళ్ల తరబడి పని చేసి చూపించింది ఇదే, ముక్కల్లేకుండా శుద్ధంగా తీసిన లైకోపీన్ పెద్దగా పని చేయదు, విరిగిన ముక్కలు చేస్తాయి, అవే ముక్కలు ఐకేకే దగ్గర కూడా అడ్డుపడి ఎన్‌ఎఫ్ కప్పా బిని తగ్గిస్తాయి. ఇది కాగితంలో రాయలేదు. ఎందుకు రాస్తారు, "మా క్యాప్సూల్‌లో ఉన్నది విరిగితేనే పని చేస్తుంది" అని రాసుకుంటే ఎవరు కొంటారు?

మూడోది బీటా కెరోటిన్‌కి మాత్రమే సంబంధించింది. పేగు గోడలో ఒక ఎంజైము దాన్ని సరిగ్గా మధ్యలో కోస్తే విటమిన్ ఎ అవుతుంది, దాని నుంచి రెటినోయిక్ ఆమ్లం, అది పేగులోని రోగనిరోధక కణాల్ని నెమ్మదిపరిచే వైపు నడిపిస్తుంది. ఈ కోసే ఎంజైము అందరిలో ఒకేలా పని చేయదు, జీన్లలో తేడాల వల్ల కొందరిలో చాలా తక్కువ. కాబట్టి నాకు పని చేసింది మీకు చేయాలనేమీ లేదు.

సరే, ఇంత సైన్స్ నిజమైతే మార్కులు ఎందుకు కోశావు అంటారా. ఆ బొమ్మలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ప్లాస్టిక్ ప్లేట్లో పెంచిన కణాల మీద, ఎలుకల మీద తేలింది. ప్లేట్లో కణాలకి 5, 10 మైక్రోమోలార్ (గాఢత కొలత) కెరోటినాయిడ్ పోస్తారు, మన రక్తంలో బీటా కెరోటిన్ మామూలుగా ఒక మైక్రోమోలార్ కూడా ఉండదు. పైగా రక్తంలో అది ఒంటరిగా తిరగదు, ఎల్‌డీఎల్ లాంటి కొవ్వు కణికల్లో కూర్చుని ప్రయాణిస్తుంది, చాలా భాగం కాలేయంలో, ఒంటి కొవ్వులో ఆగిపోతుంది. మోకాలి కీలులో మృదులాస్థి కణం దాకా ఎంత చేరుతుందో డబ్బా మీద రాసిన మిల్లీగ్రాములు చెప్పవు.

ఇంకో మెలిక ఉంది. రక్తంలో కెరోటినాయిడ్లు ఎక్కువున్నవాళ్లలో సీఆర్‌పీ తక్కువ ఉంటుందని ఎన్నో దేశాల సర్వేల్లో కనపడింది, కంపెనీలు దీన్నే గ్రాఫ్ వేసి చూపిస్తాయి. సీఆర్‌పీ అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం వదిలే ప్రోటీన్. అయితే ఆకుకూరలు ఎక్కువ తినేవాళ్లు సాధారణంగా సిగరెట్ తక్కువ తాగుతారు, బరువు తక్కువ ఉంటారు. పైగా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కెరోటినాయిడ్లు వాటంతటవే ఖర్చైపోతాయి, లావున్నవాళ్లలో కొవ్వులోకి పోయి రక్తంలో తగ్గుతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ గ్రాఫ్ చెప్పదు. క్యాప్సూల్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో కొన్నిటిలో సీఆర్‌పీ కొద్దిగా తగ్గింది, కొన్నిటిలో ఏమీ లేదు.

పిన్ని సంగతి: మొదలుపెట్టే ముందు, డబ్బా అయ్యాక హెచ్‌ఎస్ సీఆర్‌పీ, అంటే సీఆర్‌పీని ఇంకా సూక్ష్మంగా కొలిచే పరీక్ష, చేయించాం. ఒకటి కంటే తక్కువైతే మంచిది, మూడు దాటితే ఎక్కువ అని లెక్క, ఆమెది రెండుసార్లూ ఆ మధ్యలోనే ఉంది. ఒక మనిషి రిపోర్టుతో ఏదీ తేలదు లెండి, జలుబు చేసినా ఆ అంకె పెరుగుతుంది. నొప్పి మాత్రం కొంచెం తగ్గిందంది. కానీ అదే నెలలో ఫిజియోథెరపీ మొదలుపెట్టింది, తొడ కండరాలకి వ్యాయామాలు రోజూ చేస్తోంది. నన్నడిగితే మార్కులు ఫిజియోథెరపిస్టుకి వేస్తాను. పిన్ని మాత్రం ఎర్ర మాత్ర పని చేసిందనే అంటుంది, ఆమెతో వాదించే ధైర్యం మా బాబాయికే లేదు.

ఇప్పుడు ముఖ్యమైనది, దయచేసి ఇది వదిలేయకండి. మీ ఇంట్లో సిగరెట్, బీడీ, చుట్ట తాగేవాళ్లున్నా, ఒకప్పుడు బాగా తాగి మానేసినవాళ్లున్నా, బీటా కెరోటిన్ ఉన్న క్యాప్సూల్ వాళ్ల చేతికివ్వకండి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పెద్ద ప్రయోగం చేశారు, రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశతో. 1994లో ఫలితాలొస్తే తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో కేరెట్ అనే ఇంకో ప్రయోగంలో పొగతాగేవాళ్లు, ఆస్బెస్టాస్ కార్మికులు కలిపి 18,314 మందిని తీసుకున్నారు, 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనపడేసరికి 1996 జనవరిలో, అనుకున్నదానికంటే 21 నెలల ముందే ఆపేశారు. పొగ తక్కువున్న అమెరికన్ డాక్టర్లు 22,071 మంది మీద 12 ఏళ్లు చేసిన ప్రయోగంలో మంచీ లేదు, చెడూ లేదు.

ఎందుకలా జరిగిందో చూస్తే పైన చెప్పిన ముక్కల కథే తిరిగి వస్తుంది. పొగ, ఆక్సిజన్ రెండూ దండిగా ఉన్న ఊపిరితిత్తిలో బీటా కెరోటిన్ విపరీతంగా విరుగుతుంది, ముక్కలు కుప్పపడతాయి. కొద్దిగా ఉంటే రక్షణ జీన్లని లేపే ముక్కలే, కుప్పగా పడితే ఆక్సిడెంట్‌లా ప్రవర్తించి, విటమిన్ ఎ సంకేతాల్ని కూడా చెడగొడతాయి. అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు ఫెరెట్ అనే చిన్న జంతువుల మీద, పొగ పెట్టి, పెద్ద డోసు ఇచ్చి దాదాపు ఇదే చూశారు. ఇది చదివాక "నేచురల్ కదా, నష్టమేముంటుంది" అన్న మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. నా చేతిలో ఉన్న డబ్బాలో 6 మిల్లీగ్రాములే ఉంది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో రోజుకి 15 మిల్లీగ్రాముల లోపు అయితే పొగతాగేవాళ్లకైనా ఆందోళన అక్కర్లేదంది. కానీ మన ఇళ్లలో ఇదొక్కటే మింగరు కదా, దీనితో పాటు ఒక మల్టీవిటమిన్, ఇంకో "ఇమ్యూనిటీ" గోలీ, నొప్పి ఎక్కువైన రోజు రెండు క్యాప్సూళ్లు. క్యాన్సర్, గుండెజబ్బు రాకుండా బీటా కెరోటిన్ వేసుకోవద్దని అమెరికా ప్రివెంటివ్ టాస్క్‌ఫోర్స్ 2022లో స్పష్టంగా చెప్పింది. నా డబ్బా మీద పొగతాగేవాళ్లకి ఒక్క ముక్క హెచ్చరిక లేదు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడిగితే "మా ఉత్పత్తి పూర్తిగా మొక్కల నుంచి తయారైనది" అని జవాబు. అడిగిందేంటి, చెప్పిందేంటి! ఒక మార్కు పూర్తిగా అక్కడే పోయింది.

కంటి విషయం వేరు, అందుకే ఆ రెండు మార్కులు. కంటి వెనక ఉండే రెటీనా పొర మధ్యలో మాక్యులా అనే పసుపు మచ్చ ఉంటుంది, ఆ పసుపు లూటీన్, జియాక్సాంథిన్‌ల వల్లే. వయసుతో వచ్చే మాక్యులా జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకి అమెరికా జాతీయ నేత్ర సంస్థ చేసిన మొదటి ఏరెడ్స్ ప్రయోగం 2001లో బీటా కెరోటిన్, విటమిన్ సి, ఇ, జింక్, రాగి కలిపి ఇస్తే ముదరడం సుమారు 25 శాతం తగ్గిందని చెప్పింది. పొగతాగేవాళ్లకి క్యాన్సర్ వస్తుందన్న భయంతో 2013 నాటి ఏరెడ్స్2లో బీటా కెరోటిన్ బదులు లూటీన్ 10, జియాక్సాంథిన్ 2 మిల్లీగ్రాములు పెట్టి చూశారు, అది సరిపోయింది. పదేళ్ల తర్వాత అదే మనుషుల్ని మళ్లీ చూస్తే, బీటా కెరోటిన్ తీసుకున్న మాజీ పొగరాయుళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ దాదాపు రెట్టింపు, లూటీన్ వాళ్లలో పెరగలేదు. అంటే కంటి నిపుణులు పదేళ్ల కిందటే తీసి పక్కన పెట్టిన పదార్థాన్ని ఈ కంపెనీ లూటీన్ పక్కనే కూర్చోబెట్టి అమ్ముతోంది. ఇంకో మాట, ఇది ఆ జబ్బు ఉన్నవాళ్ల లెక్క. రోజంతా ల్యాప్‌టాప్ చూసి కళ్లు మండే ఐటీ పిల్లలకి ఇది రుజువైన వైద్యం కాదు.

ఇక డబ్బు లెక్క, ఇక్కడ నాకు చాలా చెప్పాలనుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి పాలకూరలో లూటీన్, జియాక్సాంథిన్ కలిపి సుమారు 12 మిల్లీగ్రాములు. సరిగ్గా ఏరెడ్స్2 డోసు, ఒక కట్టలో. ఆకులో ఉన్నది క్యాప్సూల్‌లో ఉన్నంత బాగా పట్టదు, నిజమే, ఆకుపచ్చని భాగాల్లో ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది కాబట్టి. ఉడికించి, నలిపి, నూనె తగిలిస్తే చాలా మెరుగవుతుంది. 100 గ్రాముల క్యారెట్‌లో బీటా కెరోటిన్ 8 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. పచ్చి టమాటాలో లైకోపీన్ రెండున్నర మిల్లీగ్రాములే, అదే దగ్గరపడేదాకా ఉడికించిన టమాటా పేస్టులో 100 గ్రాములకి 28 దాకా. నూనెలో మగ్గిన మన టమాటా పచ్చడి ఈ విషయంలో సలాడ్ ముక్కల కంటే ఎన్నో రెట్లు నయం. అయోవా స్టేట్ యూనివర్సిటీలో 2004లో చూశారు, కొవ్వు అసలు లేని డ్రెస్సింగ్‌తో సలాడ్ తిన్నవాళ్ల రక్తంలోకి కెరోటినాయిడ్లు దాదాపు చేరనే లేదు. తోటకూర వేపుడు, పొన్నగంటి ఆకు పప్పు, పైన తాలింపు, మన వంట మొదటినుంచీ ఇలాగే ఉంది. డైట్ పేరుతో తాలింపు మానేసి ఆవిరి మీద ఉడికిన ఆకు తింటూ, పక్కన కెరోటినాయిడ్ క్యాప్సూల్ వేసుకునేవాళ్లని చూస్తే ఏమనాలో తెలియదు.

ఆషాఢంలో తినే మునగాకులో కూడా బీటా కెరోటిన్, లూటీన్ దండిగా ఉంటాయి, కానీ ఆన్‌లైన్‌లో అమ్మే మునగాకు పొడి కొంటే రంగు చూడండి. ఎండలో ఆరబెట్టింది గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది, కెరోటిన్ చాలావరకు పోయినట్టే, నీడలో ఆరబెట్టినది పచ్చగా నిలుస్తుంది. మిరపకాయ ఎరుపు కూడా ఈ కుటుంబమే, క్యాప్సాంథిన్ అంటారు. జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా మిర్చిలో కారం తక్కువ, రంగు ఎక్కువ, అందుకే రంగు తీసే కంపెనీలకి అది కావాలి. ఎండు మిర్చి వెలుతురులో పడి ఉంటే తెల్లబారుతుంది, గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పెడితే రంగు ఆగుతుంది, వెలుతురు, వేడి, గాలి మూడూ ఈ రంగులకి శత్రువులు.

ఇది చెప్పింది ఎందుకంటే ప్యాకింగ్ గురించి నా అసలు కోపం అదే. ఇంత సున్నితమైన సరుకుని ఈ కంపెనీ పారదర్శకంగా కనపడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది, బహుశా ఆ ఎరుపు అందంగా కనపడాలని. ముదురు గోధుమ రంగు సీసా లేదా అల్యూమినియం స్ట్రిప్ ఉండాలి. డెలివరీ అబ్బాయి గేటు దగ్గర ఎండలో పెట్టి పోయిన ప్యాకెట్లో నా క్యాప్సూళ్లు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మార్చి ఇమ్మంటే "తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోం" అన్నారు. తెరవకుండా అతుక్కున్నాయని ఎలా తెలుస్తుందండీ?

మరో సంగతి, ఏలూరు పక్క పామాయిల్ తోటలున్నాయి కదా, పెదవేగిలో దాని మీద జాతీయ పరిశోధనా సంస్థే ఉంది. గెల నుంచి తీసిన పచ్చి నూనె ఎర్రగా ఉంటుంది, కిలోకి 500 నుంచి 700 మిల్లీగ్రాముల కెరోటినాయిడ్లు. మనకి తెల్లగా, వాసన లేకుండా కావాలని రిఫైనరీలో ఆ రంగంతా తీసేస్తారు. ఆ తర్వాత దాన్నే క్యాప్సూల్‌లో కొనుక్కుంటాం.

వాడకంలో గమనించినవి: చేపవాసన లాంటిదేమీ లేదు, కొంచెం నూనె త్రేన్పు వస్తుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే దండగ, మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. కొందరికి అరచేతులు, పాదాలు పసుపు రంగుకి తిరుగుతాయి, కామెర్లేమో అని కంగారు పడతారు. కామెర్లైతే కంట్లో తెల్లగుడ్డు కూడా పసుపవుతుంది, కెరోటిన్ వల్లయితే కన్ను తెల్లగానే ఉంటుంది, మానేస్తే మెల్లగా పోతుంది. బరువు తగ్గడానికి ఆర్లిస్టాట్ వాడేవాళ్లకి అది కొవ్వునే ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు కాబట్టి దీన్ని కూడా పూర్తిగా పట్టనివ్వదు, వాళ్లు రెండిటికీ ఒకేసారి డబ్బు పెట్టడం అర్థం లేని పని.

కంటి డాక్టరు మాక్యులా జబ్బు ఉందని చెప్పి రాసిస్తే షాపులో "బీటా కెరోటిన్ లేని ఏరెడ్స్2 రకం ఇవ్వండి" అని అడగండి, దొరుకుతాయి. మోకాళ్లకి, థైరాయిడ్‌కి, "ఒంట్లో వేడికి" అని ఎవరైనా ఈ అయిదు రంగుల డబ్బా అంటగడితే మాత్రం వెనక వైపు ఉన్న ఆ చిన్న అక్షరాల లైను వాళ్లకే చదివి వినిపించండి. మా పిన్ని రెండో డబ్బాకి ఆర్డర్ పెట్టబోతే నేను రద్దు చేయించాను, బాబాయి చుట్ట తాగుతాడు, ఆ డబ్బా డైనింగ్ టేబుల్ మీదే ఉంటోంది, "నీకూ మంచిదే, ఒకటి వేసుకో" అని ఆమె ఆయనకి ఇస్తోందని ఫోన్లో మాటల్లో తెలిసింది.